‘శ్రీ’ ఒక అక్షరమా, నాలుగా? కంప్యూటర్ మన తెలుగును ఎలా చదువుతుంది



మదనపల్లె, పుంగనూరు, కుప్పం బ్రాంచిల పేరెంట్స్ మీటింగుల్లో మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేశాం కదా, కంప్యూటర్ పీరియడ్‌లో తెలుగు టైపింగ్ ఎందుకు?” అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగా చెప్పాలి. కంప్యూటర్ అక్షరాలను ఎలా దాచుకుంటుందో ఇంగ్లిష్‌లో నేర్పితే పది నిమిషాల్లో పాఠం అయిపోతుంది. తెలుగులో నేర్పితే అసలు కథ బయటపడుతుంది. పైగా ఆ కథకు మీ పిల్లల పేరుతో నేరుగా సంబంధం ఉంది. అదెలాగో ఈ నెల చూద్దాం.

ముందు ఒక చిన్న ప్రయోగం

మీ ఫోన్ తీసి తెలుగు కీబోర్డులో ‘శ్రీ’ అని టైప్ చేయండి. ఇప్పుడు చెరిపే బటన్‌ను ఒక్కోసారి మెల్లగా నొక్కండి. చాలా ఫోన్లలో మొదటిసారి గుడి దీర్ఘం పోయి ‘శ్ర’ మిగులుతుంది. రెండోసారికి ‘శ్’, మూడోసారికి ‘శ’. నాలుగోసారి నొక్కితేగాని అక్షరం పూర్తిగా పోదు.

మన కంటికి, పలకమీద దిద్దే చేతికి అది ఒకే అక్షరం. ఫోన్‌కు మాత్రం నాలుగు. ఎందుకు?

కంప్యూటర్‌కు తెలిసింది అంకెలే

కంప్యూటర్‌కు ఏ భాషా రాదు. దానికి తెలిసింది సంఖ్యలు మాత్రమే. కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇవ్వాలి. స్కూల్లో ప్రతి విద్యార్థికీ రోల్ నంబర్ ఇచ్చినట్టే అనుకోండి. 1963లో అమెరికాలో ‘ఆస్కీ’ అనే పట్టిక తయారైంది. అందులో మొత్తం 128 స్థానాలు. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’కి 65, ‘బి’కి 66, ఇలా సాగుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు అన్నీ అందులో సరిపోయాయి. తెలుగుకు చోటు లేదు, హిందీకి లేదు, రష్యన్‌కూ లేదు.

మరి అప్పట్లో మన పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ షాపుల్లో ఎలా వచ్చాయి? ఒక ఉపాయంతో. ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలనే వాడుకుని, వాటి బొమ్మల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. ఒక సంఖ్యకు తలకట్టు, ఇంకొక సంఖ్యకు కొమ్ము, అలా. అను ఫాంట్ల వంటివి ఈ పద్ధతిలోనే పనిచేశాయి. కాగితం మీద అచ్చు అందంగానే వచ్చేది. కానీ కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరస. అదే ఫైల్‌ను ఆ ఫాంట్ లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. అందులో ఒక పేరు వెతకాలన్నా కుదిరేది కాదు.

తెలుగుకు 128 సీట్లు

ఈ గందరగోళానికి మన దేశంలో ‘ఇస్కీ’ అనే ప్రమాణం ఒక దారి చూపింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ భాషలన్నింటికీ ఒకే పట్టిక ఉండాలన్న ఆలోచనతో ‘యూనికోడ్’ మొదటి వెర్షన్ వచ్చింది. అందులో తెలుగు మొదటినుంచీ ఉంది. ఈ రోజు ఆ పట్టికలో అన్ని లిపులూ కలిపి లక్షన్నరకు పైగా అక్షరాలు, గుర్తులు ఉన్నాయి.

తెలుగుకు కేటాయించిన వరస 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128 సీట్లు. అన్నీ ఇంకా నిండలేదు. ‘అ’ సీటు 3077. ‘క’ 3093. ‘మ’ 3118. కొన్ని అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ‘చీమ’లోని చ వేరు, ‘చాప’లోని చ వేరు అని మన చెవికి తెలుసు. ఆ రెండో శబ్దం కోసం బ్రౌన్ నిఘంటువులో కనిపించే ౘ, దాని జోడీ ౙ 2008లో మాత్రమే యూనికోడ్‌లో చేరాయి. వాటి సంఖ్యలు 3160, 3161. అంతవరకు ఆ అక్షరాలను ఈ పట్టిక ప్రకారం రాయడానికి వీలే లేదు. పట్టికలో సంఖ్య లేని అక్షరం కంప్యూటర్ లోకంలో లేనట్టే.

కుప్పంలో మూడు భాషలు, పట్టికలో ఒకే వరస

కుప్పం తల్లిదండ్రులకు ఇది మరింత నచ్చుతుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు ఆనుకుని ఉన్న ఊరు. బజారులో మూడు భాషలూ వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది కూడా అక్కడే. యూనికోడ్ పట్టికలోనూ ఈ మూడు భాషలు ఇరుగుపొరుగే: ముందు తమిళం, తర్వాత తెలుగు, ఆ తర్వాత కన్నడం.

తమిళ ‘క’ సంఖ్య 2965. దానికి 128 కలపండి: 3093, అది తెలుగు ‘క’. మళ్లీ 128 కలపండి: 3221, అది కన్నడ ‘క’. ఇంకో 128 కలిపితే మలయాళ ‘క’, 3349. ఇది యాదృచ్ఛికం కాదు. ఇస్కీలో భారతీయ లిపులన్నింటికీ ఒకే అమరిక ఉండేది. యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. తమిళంలో ఖ, గ, ఘ లేవు కదా, ఆ వరసలో ఆ మూడు సీట్లూ ఖాళీగా వదిలేశారు. మిగతావాళ్లు తమ తమ స్థానాల్లోనే కూర్చున్నారు.

మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి అనువదించిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆయన మొదట రాసిన బెంగాలీ లిపిలో ‘క’ సంఖ్య 2453. తెలుగు ‘క’ నుంచి అది తీసేయండి, 640 వస్తుంది. అంటే సరిగ్గా ఐదు 128లు. లిపులు వేరైనా వర్ణమాల అమరిక ఒకటే అని మనం తరగతిలో చెప్పే మాటకు ఇంతకన్నా మంచి లెక్క దొరకదు.

గుణింతాలకు సీట్లు ఎలా సరిపోయాయి?

ఇక్కడ తెలివైన విద్యార్థి ఆగిపోతాడు. క గుణింతం, గ గుణింతం, ఒత్తులు, రెండేసి ఒత్తులు అన్నీ లెక్కేస్తే వేలల్లో వస్తాయి. 128 సీట్లలో ఎలా పట్టాయి?

పట్టలేదు. పట్టాల్సిన అవసరం లేకుండా చేశారు. హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు వేరే సంఖ్య. ‘కి’ అంటే ‘క’ (3093), దాని వెంట గుడి (3135). ఒత్తు కోసం విడిగా సీటే లేదు. పొల్లుకు 3149 అనే సంఖ్య ఉంది, అదే జిగురు. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే రెండో హల్లును ఒత్తుగా చూపించమని అర్థం.

ఇప్పుడు ‘శ్రీ’ విడదీయండి. శ (3126), పొల్లు (3149), ర (3120), గుడి దీర్ఘం (3136). నాలుగు సంఖ్యలు. అందుకే చెరిపే బటన్ నాలుగుసార్లు. ‘స్త్రీ’ అయితే ఆరు. మన మూడు ఊళ్లు లెక్కేస్తే: మదనపల్లె 8, పుంగనూరు 8, కుప్పం 6.

కంప్యూటర్ దాచుకునేది ఈ సంఖ్యలనే. వాటిని చూసి, ఏ ఒత్తు ఎక్కడ తగిలించాలో, ఏ తలకట్టు తీసేయాలో నిర్ణయించి బొమ్మ గీయడం ఫాంటు పని. పొన్నాల, మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఫాంటు మారితే అందం మారుతుంది, లోపలి సంఖ్యలు మారవు.

ఒకే అక్షరం, రెండు దారులు

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. కొన్ని అక్షరాలను రెండు రకాలుగా రాయవచ్చు.

మన జిల్లాలనుంచి వైద్యవిద్యకు రష్యా వెళ్లే పిల్లలున్నారు కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుందాం. రష్యన్‌లో ‘ఇ’ అక్షరం మీద చిన్న గిన్నెలాంటి గీత పెడితే మన ‘య్’కు దగ్గరి శబ్దం వస్తుంది. దాన్ని 1081 అనే ఒకే సంఖ్యతో రాయవచ్చు. లేదా మామూలు ‘ఇ’ 1080, దాని వెంట పైగీత 774, ఇలా రెండు సంఖ్యలతోనూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం ఒకచోట ఒక సంఖ్య, మరోచోట రెండు.

తెలుగులో సరిగ్గా ఇలాంటి అక్షరం ఒకే ఒక్కటి ఉంది: ఐత్వం. ‘శైలజ’, ‘చైతన్య’, ‘వైష్ణవి’ పేర్లలో వచ్చేది. ఐత్వాన్ని జాగ్రత్తగా చూడండి. పైన ఎత్వం, కింద ఒక గీత. ఆ రెండూ కలిసిన గుర్తుకు 3144 అనే ఒకే సంఖ్య ఉంది. ఎత్వం 3142, కింది గీత 3158 అని రెండు సంఖ్యలుగా రాసినా అదే ఐత్వం. అంటే ‘శైలజ’ పేరు ఒక దారిలో 4 సంఖ్యలు, మరో దారిలో 5.

ఈ రెండూ ఒకటేనని యూనికోడ్ స్పష్టంగా చెబుతుంది. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి మార్చుకోవాలనీ చెబుతుంది. దీన్ని ‘నార్మలైజేషన్’ అంటారు. ప్రోగ్రామర్ ఆ పని చేస్తే ఇబ్బంది లేదు. చేయకపోతే, ఇద్దరు శైలజలు వేర్వేరు మనుషులని కంప్యూటర్ తీర్మానిస్తుంది.

కనిపించని గుర్తు

నిత్యజీవితంలో ఐత్వం కన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది మరొకటి. దానికి ఆకారం లేదు. సంఖ్య మాత్రం ఉంది: 8204. రెండు అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో నిలబడటం దాని ఉద్యోగం.

‘కిరణ్‌కుమార్’ అని రాయాలంటే ణ పొల్లు, క పక్కపక్కనే వస్తాయి. జిగురు పనిచేసి ‘కిరణ్కుమార్’ అయిపోతుంది. అలా కాకుండా ఆపేది ఈ 8204. ఇక్కడ దాని అవసరం ఉంది.

కానీ కొన్ని టైపింగ్ పద్ధతులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దీన్ని చేరుస్తాయి. అప్పుడు ‘కుమార్’ ఒక ఫైల్‌లో 6 సంఖ్యలు, మరో ఫైల్‌లో 7. తెరమీద, కాగితం మీద రవ్వంత తేడా కూడా కనబడదు. పైగా ఈ రెండూ ఒకటేనని నార్మలైజేషన్ కూడా చెప్పదు. వెతికినప్పుడు ఒకటి దొరికి ఇంకొకటి దొరక్కపోతే కారణం ఇదే కావచ్చు.

ఏడో తరగతిలో ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక పాప లేచి, “మేడమ్, కనిపించనిది ఉందని ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. చక్కని ప్రశ్న. కర్సర్‌ను మాట చివర పెట్టి ఒకసారి చెరిపితే ఏమీ పోనట్టు కనిపిస్తే, అక్కడ ఏదో ఉన్నట్టే.

ఫోన్లను ఆపేసిన తెలుగు అక్షరం

2018 ఫిబ్రవరిలో మన తెలుగు ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఐఫోన్‌కు ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే ఆ యాప్ కుప్పకూలేది. ఆ రూపంలో ఐదు సంఖ్యలు: జ 3100, పొల్లు 3149, ఞ 3102, కనిపించని 8204, దీర్ఘం 3134. ‘జ్ఞానం’ అని మామూలుగా రాస్తే ఆ 8204 ఉండదు, ప్రమాదమూ లేదు. ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ అది వచ్చేసరికి, బొమ్మ గీసే ప్రోగ్రామ్‌కు ఏం చేయాలో తోచలేదు. ఆ నెల 19న యాపిల్ కొత్త అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

అప్పట్లో కొందరు ‘తెలుగు అక్షరం వైరస్’ అన్నారు. అది తప్పు. అక్షరంలో ఏ దోషమూ లేదు. తెలుగును పూర్తిగా పరీక్షించకుండా రాసిన ప్రోగ్రామ్‌దే దోషం. మన పిల్లల్లో రేపు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లకు గుణింతం, ఒత్తు అంటే ఏమిటో తెలిసి ఉండటం ఎంత అవసరమో దీన్నిబట్టి ఊహించండి.

తెలుగు మెసేజ్ ఎందుకు చిన్నదవుతుంది?

ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్ల చోటుంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు సంఖ్యలు పెద్దవి. అక్కడ ఒక్కోదానికి 2 బైట్లు కావాలి. కాబట్టి 70 మాత్రమే పడతాయి. అందులోనూ ‘శ్రీ’ నాలుగు తినేస్తుందని మరవకండి. ఇంగ్లిష్ మెసేజ్ మధ్యలో ఒక్క తెలుగు అక్షరం వచ్చినా మొత్తం మెసేజ్ పరిమితి 70కి పడిపోతుంది. ఏ స్కూలు పంపే తెలుగు మెసేజ్ అయినా పొట్టిగా ఉంటే, లేదా రెండు ముక్కలుగా వస్తే, కారణం ఈ లెక్కే.

ఫైళ్లలో, వెబ్‌సైట్లలో వాడే పద్ధతి వేరు. దాని పేరు ‘యూటీఎఫ్-8’. అందులో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, తెలుగు సంఖ్య ఒక్కోదానికి 3 బైట్లు. మదనపల్లె అని ఇంగ్లిష్‌లో రాస్తే 11 అక్షరాలు, 11 బైట్లు. తెలుగులో రాస్తే 24 బైట్లు.

ఫైల్ తెరిస్తే తెలుగు పాడైనట్టు కనిపిస్తే

కంగారుపడి ఫైల్ తీసేయకండి. లక్షణాన్నిబట్టి జబ్బు చెప్పవచ్చు.

1. ఖాళీ డబ్బాలు కనిపిస్తే: ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదు. సమాచారం భద్రంగానే ఉంది.

2. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు మళ్లీ మళ్లీ వస్తుంటే: మూడేసి బైట్ల తెలుగును ఒక్కో బైటు చొప్పున విడదీసి చదువుతోంది. ఎక్సెల్‌లో కొన్ని ఫైళ్లు నేరుగా తెరిచినప్పుడు ఇలా కావచ్చు. తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది.

3. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే: పాత డీటీపీ ఫాంటులో టైప్ చేసినది అయ్యుండవచ్చు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి.

4. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే: ఎక్కడో సేవ్ చేసేటప్పుడు తెలుగు సంఖ్యలు పోయాయి. ఆ కాపీలో తెలుగు తిరిగి రాదు. అసలు ఫైల్ మళ్లీ తెప్పించుకోండి.

మీ పిల్లల పేరు విషయంలో నాలుగు జాగ్రత్తలు

ఇదంతా పాఠం. ఇక ఇంటికి సంబంధించిన మాట.

ఒకటి: ఇంగ్లిష్ పేరునుంచి కంప్యూటర్ తెలుగు పేరు తయారుచేస్తే అలాగే ఒప్పుకోకండి. ఇంగ్లిష్‌లో త, ట రెండింటికీ తరచూ ఒకే అక్షరం. ద, డ అంతే. న, ణ అంతే. ల, ళ అంతే. ‘వాణి’ కాస్తా ‘వాని’ అయిపోవచ్చు. ఆధార్ కార్డు మీద పేరు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంటుంది. రెండూ చదవండి.

రెండు: ‘కల్యాణి’నా, ‘కళ్యాణి’నా? రెండూ వాడుకలో ఉన్నాయి. ఇంట్లో ఒకటి ఖాయం చేసుకుని ఎల్లప్పుడూ అదే రాయండి. మనిషికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు ల 3122, ళ 3123, వేర్వేరు.

మూడు: సున్న బదులు అంకె 0 వాడకండి. ‘కుప్పం’లో ఉన్నది 3074 సంఖ్య గల సున్న. ‘కుప్ప0’ అని అంకెతో రాస్తే వాట్సాప్‌లో మనం చదువుకుంటాం. వెతికితే మాత్రం ఆ ఊరు దొరకదు.

నాలుగు: పేరును సరిగా ఒకసారి టైప్ చేసి ఫోన్‌లో దాచుకోండి. ఆన్‌లైన్ ఫారాల్లో కొత్తగా టైప్ చేయకుండా అదే కాపీ చేసి పెట్టండి. కనిపించని తేడాలు రాకుండా ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

పిల్లలతో కలిసి చేయండి

ఐదో తరగతి పైవాళ్లు ఇది కాగితం మీదే చేయగలరు. ‘క’ సంఖ్య 3093. దాన్ని 64తో భాగించండి. భాగఫలం 48, శేషం 21. రెండింటికీ 128 కలపండి: 176, 149. ముందు 224 పెట్టండి. 224, 176, 149. ఇవే యూటీఎఫ్-8లో ‘క’కు చెందిన మూడు బైట్లు. తెలుగు వరసలో ఏ సంఖ్యకైనా ఇదే సూత్రం. ‘అ’ (3077) చేయిస్తే 224, 176, 133 రావాలి. ఐత్వం (3144) చేయిస్తే 224, 177, 136.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే నోట్‌ప్యాడ్‌లో మదనపల్లె అని మాత్రమే రాసి సేవ్ చేసి, ఫైల్ సైజు చూడండి. 24 బైట్లు రావాలి. పాత విండోస్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే 27 రావచ్చు. ముందు 3 బైట్ల గుర్తు ఒకటి అది చేరుస్తుంది. తర్వాత పిల్లల పేరు రాయించి, సైజు ఎంత వస్తుందో ముందే లెక్కేసి చెప్పమనండి. ఎవరి లెక్క సరిపోతుందో చూడాలని అమ్మమ్మలు, తాతయ్యలు కూడా పక్కకు చేరతారు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలకు తెలుగు టైపింగ్ ఎందుకు? ఇంగ్లిష్‌లో అక్షరం, సంఖ్య, బొమ్మ మూడూ ఒకటే అనిపిస్తాయి. తెలుగులో ఆ మూడూ వేరని ‘శ్రీ’ ఒక్కటే చూపించేస్తుంది. ఆ తేడా తెలిసిన పిల్లలు రేపు రాసే ప్రోగ్రామ్‌లో ఏ శైలజ పేరూ తప్పిపోదు.

ఈ నెల హోంవర్క్ డైరీలో పిల్లల పేరు తెలుగులో, దాని పక్కన సంఖ్యల లెక్కతో రాసి పంపండి. తల్లిదండ్రుల సంతకం కూడా, వీలైతే, తెలుగులోనే పెట్టండి.